నాలుగు సీట్లు కాగితం మీద ఉన్నాయి సరే, కూర్చునేదెవరు?

ప్రశ్న: సార్, మాకు మూడేళ్ల బాబు, ఇంకో నాలుగు నెలల్లో రెండో బిడ్డ. కాలేజీ రోజుల్నుంచి స్పోర్టీ కారు కొనాలని కోరిక, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పటికీ కొననేమోనని భయం. టయోటా జీఆర్86, మినీ కూపర్ త్రీ డోర్ (పక్కల రెండు డోర్లు, మూడోది డిక్కీ డోరు), ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, ఈ మూడిటి దగ్గర ఆగిపోయా. మా ఆవిడ గోల్ఫ్ అంటోంది, నా మనసు జీఆర్86 మీద, దాన్లోనూ నాలుగు సీట్లున్నాయి కదా అని నా వాదన. ధరలో చాలావరకు లోన్ తీసుకోవడమే, ఏడేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ తట్టుకోగలం. ఏం చేయమంటారు?

జవాబు: ముందే చెప్పేస్తున్నా, ఈసారికి మీ ఆవిడే కరెక్ట్. డబ్బు లెక్కలు చూసేవాడు కారు సీట్ల గురించి మాట్లాడతాడేంటి అనుకోకండి, మీ కేసులో రెండూ ఒకటే లెక్క.

కారు ధర 100 అనుకుందాం. ఇరుకైపోయి రెండేళ్లకే 70కి అమ్మేశారనుకోండి, 30 పోయింది, అంటే ఏడాదికి 15. అదే కారు ఎనిమిదేళ్లు వాడి 25కి అమ్మితే పోయింది 75, ఏడాదికి తొమ్మిదీ చిల్లర. అంకెలు ఊరికే ఉదాహరణకి వేసినవే కానీ జరిగేది మాత్రం ఇలాగే, కొత్త కారు విలువ మొదటి ఏళ్లలోనే గట్టిగా పడుతుంది, పైగా ఇంకో కారు కొంటే టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ మళ్లీ మొదట్నుంచి. ఇక ఏడేళ్ల లోన్‌లో అసలు మెల్లగా తగ్గుతుంది, కారు విలువేమో దడదడా పడుతుంది, మధ్యలో అమ్మాలంటే వచ్చిన డబ్బు లోన్ క్లియర్ చేయడానికి కూడా సరిపోకపోవచ్చు. అప్పుడు చేతిలో లేని కారుకి జేబులోంచి కట్టాలి.

అందుకే నేనడిగేది ఒక్కటే, ఈ కారు మీ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటుంది? ఆ మాట తేల్చేది ఇంజిన్ కాదు, వెనక సీటు.

జీఆర్86లో వెనక సీట్లు ఉన్నాయి, నిజమే. కానీ పుట్టబోయే బిడ్డకి వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు పెట్టాలి, అది కారులో పొడవు చాలా తినేస్తుంది, దాని ముందున్న సీటు జరుపుతూ పోతే అందులో కూర్చునే మనిషి మోకాళ్లు డాష్‌బోర్డ్‌కి తగులుతాయి. ఇంక రెండో పక్క బాబు సీటు, దాని ముందు డ్రైవింగ్‌లో మీరు. రెండే డోర్లు కాబట్టి ప్రతిసారీ ముందు సీటు వంచి, నడుం వంచి, నిద్రపోతున్న పిల్లాణ్ణి లోపలికి దూర్చాలి, అదీ పక్కన ఇంకో కారు ఆనుకుని పార్క్ చేసి ఉంటే ఆ పొడుగాటి డోరు సగమే తెరుచుకుంటుంది!

డిక్కీ సంగతికొస్తే జీఆర్86ది 226 లీటర్లు, మినీ త్రీ డోర్‌ది 210 దగ్గర, గోల్ఫ్ జీటీఐది 375–380. ఈ లీటర్లని కూడా గుడ్డిగా నమ్మకండి. లీటరు సైజుండే 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలు మూలమూలలా పేర్చి లెక్కపెడతారు, మీ స్ట్రోలర్ దిమ్మెల్లా విడిపోదు కదా. జీఆర్86లో వెనక సీటు వీపు పడుకోబెడితే నాలుగు టైర్లు పట్టేంత చోటొస్తుంది, ట్రాక్ మీదకి వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటది, చాలా తెలివైన పని కూడా. కాకపోతే ఆ వీపు మొత్తం ఒకటే ముక్క, దాని మీద బేబీ సీటు ఉన్నంతకాలం పడుకోబెట్టలేరు. అంటే మీకు ఆ చోటు లేనట్టే. గోల్ఫ్‌లో వెనక డోరు అద్దంతో సహా పైకి లేస్తుంది, నోరు పెద్దది, సామాను ఎలా తోసినా పోతుంది.

మినీ గురించి ఓ మాట. 1959లో వచ్చిన అసలు మినీ పొడవు మూడు మీటర్ల చిల్లరే, ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి పెట్టి నేలలో దాదాపు 80 శాతం మనుషులకీ సామానుకీ వదిలారు. ఇప్పటి త్రీ డోర్ దానికంటే ఎంతో పెద్దది, కానీ వెనక కూర్చుంటే ఆ పెరిగిందంతా ఎటు పోయిందో అర్థం కాదు. మినీయే కావాలంటే ఫైవ్ డోర్ చూడండి, చక్రాల మధ్య దూరం ఎక్కువ, డిక్కీ 275 లీటర్ల చుట్టూ ఉంటుంది.

ఇంకో సంగతి, బ్రోషర్‌లో మామూలు మోడల్ అంకెలు చూసి స్పోర్ట్ మోడల్ కొనకండి. టయోటా వాళ్ల చిన్న కారు యారిస్ మామూలుదానికి 286 లీటర్లుంటే, దాని స్పోర్ట్ మోడల్ జీఆర్ యారిస్‌కి 174, వెనక చక్రాలకీ పవర్ పంపే సరంజామా, డిక్కీలోకి మారిన బ్యాటరీ కలిసి మిగతాది మింగేశాయి. స్టెప్నీ ఉందా, లేక పంచర్ కిట్ చేతిలో పెడతారా అనేది కూడా అడగండి. వెడల్పాటి టైర్లు, పెద్ద బ్రేకులు, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, ఇన్సూరెన్స్, ఇవన్నీ ఈఎంఐ పక్కన రాసుకోండి, ఏడేళ్లు పెడితే తట్టుకోగలం అన్నారంటే అవి కలపలేదని నా అనుమానం.

నా సలహా, రెండు మూడేళ్లు వాడిన జీటీఐ చూడండి, మొదటి దెబ్బ పాత ఓనర్ తినేసి ఉంటాడు. సర్వీస్ రికార్డు, టైర్లు, క్లచ్ ఎవరైనా మెకానిక్‌కి చూపించండి, ఇలాంటి కార్లు నెమ్మదిగా నడిపినవాళ్లు తక్కువ. లోన్ నాలుగేళ్లు, మహా అయితే ఐదు, దానికి ఈఎంఐ బరువైతే తక్కువ ధర కారు చూసుకోవాలి తప్ప గడువు సాగదీయొద్దు. చూడ్డానికి వెళ్లేటప్పుడు బేబీ సీటు, స్ట్రోలర్, బాబు, మీ ఆవిడ అందరూ వెళ్లండి. ముందు మీ సీటు మీకు కావల్సినట్టు జరుపుకుని, తర్వాత వెనక బేబీ సీటు బిగించి చూడండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా పర్లేదు.

జీఆర్86 సంగతి, పిల్లలిద్దరూ బేబీ సీట్లు దాటాక రెండో కారుగా పాతది కొనుక్కోండి, ఇప్పట్నుంచే నెలకి కొంత సిప్‌లో వేస్తూ. అప్పటికి రెండు సీట్లూ, 130 లీటర్ల డిక్కీ ఉన్న మాజ్దా ఎంఎక్స్-5 అయినా మీ ఇష్టం, అదైతే వెనక సీటుందని అబద్ధం కూడా చెప్పదు.