ఆడిటర్ ఆఫీసు పని, సెమిస్టర్ చదువు

ప్రశ్న: బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. మధ్యాహ్నం నుంచి ఆడిటర్ గారి ఆఫీసులో ఇంటర్న్‌షిప్. రాత్రి పుస్తకం పట్టలేకపోతున్నాను. నవంబరులో పరీక్షలు. ఎలా సర్దుకోవాలండీ?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఆఫీసు పని నెలంతా ఒకేలా ఉండదమ్మా. నెలవారీ ఫైలింగ్‌లో సాధారణంగా 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) చెల్లింపు, 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న జీఎస్‌టీఆర్-3బి (నెల మొత్తం జీఎస్‌టీ లెక్క) గడువులు. వాటికి ముందు రెండేసి రోజులు రాత్రి చదువు పెట్టుకోకండి, నిలవదు. కాస్ట్ అకౌంటింగ్ లాంటి పెద్ద లెక్కలు 21 తర్వాతికి ఉంచుకోండి.

ఇల్లు చేరేసరికి ఆలస్యమయ్యేది ఎక్కువగా చేసిన పనే మళ్లీ చేయాల్సి రావడం వల్ల. ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీ వేసేటప్పుడే సరఫరాదారు జీఎస్‌టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ సరిచూడండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకు బిల్లుకు ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) బదులు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల పన్నులు) వేశారనుకోండి, 14న వచ్చే జీఎస్‌టీఆర్-2బితో (సరఫరాదారులు చూపిన బిల్లుల జాబితా) పోల్చినప్పుడు తేడా తేలుతుంది. ఇక 20 లోపు బిల్లుల కట్టలన్నీ తిరగేయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా నెలాఖరు దాకా ఆపకుండా వారానికోసారి సరిపోల్చండి.

పరీక్షల టైమ్‌టేబుల్ రాగానే సెలవు రాతపూర్వకంగా అడగండి. చేతిలోని ఫైళ్లలో ఏది ఎంతవరకు అయిందో ఒక కాగితం మీద రాసిస్తే ఆడిటర్ గారికీ ఒప్పుకోవడం తేలిక.