మోదుగ పూసింది, వసంతం ఇంకా రాలేదు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఫిబ్రవరి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కు, మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్, పొద్దువాలేసరికి వనస్థలిపురం హరిణ వనస్థలి. ఒక్క రోజులో మూడూ చుట్టేశావు. నడక బాగానే సాగింది కానీ, చూపే ఎక్కడా నిలవలేదు. మూడు చోట్లా "పచ్చదనం పరవశింపజేసింది" అనే రాశావు.

మాఘమాసంలో కేబీఆర్‌లో పచ్చదనం ఎక్కడ దొరికిందమ్మా నీకు? అది ఆకు రాల్చే అడవి. సీతాఫలం పొదలు పలచబడి, వానాకాలమంతా వాటి వెనక దాగున్న బండరాళ్లు ఈ రోజుల్లోనే బయటపడతాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లవి. వాటి ఊసే లేదు నీ వ్యాసంలో. ఎండుటాకులు మాత్రం కనబడ్డాయి నీకు, కనబడగానే "విషాదం" అనేశావు. వానలు వెళ్లి నెలలైంది, నేలలో తడి తగ్గింది. ఆకుంటే ఉన్న నీరు కాస్తా ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు దాన్ని వదిలించుకుంటుంది. వదిలే ముందు అందులో పనికొచ్చే సత్తువంతా లోపలికి లాక్కుంటుంది. గడుసు ఇల్లాలి పొదుపు ఇది, ఏడుపు కాదు.

ఇక మోదుగ. దారిలో ఒక చెట్టు పూసి కనబడగానే "వసంతుడు విచ్చేశాడు" అని రాసేశావు. పంచాంగం ఒకసారి తిరగెయ్యి. శిశిరం అంటే మాఘ ఫాల్గుణాలు. కాముని పున్నమి ఫాల్గుణంలోనే వస్తుంది. మోదుగపూలు ఉడకబెట్టి రంగు తీసే సంబరం కూడా శిశిరానిదే, ఉగాదికి ఇంకా రెండు వారాలుంటుంది. ఆకు లేని కొమ్మ మీద ఎర్రగా పూస్తే పిట్టలకు దూరం నుంచే కనబడుతుంది. తేనె కోసం వచ్చిన గోరింకలూ తేనెపిట్టలూ పుప్పొడి మోసుకుపోతాయి. బూరుగుదీ అదే పద్ధతి. నువ్వు ఒక పేరాలో జాలిపడిన మోడు, పక్క పేరాలో మురిసిపోయిన పువ్వు ఒకే చెట్టువి, ఒకే రుతువువి. మన పద్యాల్లో వసంతానికి జరిగిన మర్యాదలో పావువంతు కూడా శిశిరానికి జరగలేదు. ఆ బాకీ నువ్వైనా కొంత తీర్చరాదూ?

పబ్లిక్ గార్డెన్స్ సంగతి వేరు. 1846లో నిజాం కాలంలో వేసిన తోట అది, బాగ్-ఎ-ఆమ్. శాసనసభ, జూబ్లీ హాలు, ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం అన్నీ ఆ ఆవరణలోనివే. అక్కడ పచ్చిక నిజంగానే పచ్చగా ఉంటుంది. ఎందుకో రాయలేదు నువ్వు. రబ్బరు పైపు పట్టుకుని నిలబడ్డ మాలీ ఒక్కడూ నీ వ్యాసంలో లేడు, ఆకులూడ్చే ఆడవాళ్లూ లేరు. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లి మట్టవుతుంది, తోటలో రాలిన ఆకు తెల్లారేసరికి బుట్టకెక్కుతుంది. ఈ తేడా పట్టుకుంటే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది. ఫిబ్రవరిలో ఈ ఊళ్లో ఏదైనా పచ్చగా కనబడిందంటే, దానికి నీళ్లు ఎవరు పోస్తున్నారో ముందు చూడు. (కొత్తగా చిగురేసే రావిని వదిలెయ్, దాన్నెవరూ పెంచక్కర్లేదు, గోడ పగుల్లోనైనా బతుకుతుంది.)

హరిణ వనస్థలిని ఈ వ్యాసంలోంచి తీసెయ్యి. కృష్ణజింకలు బయలు నేలను కోరుకునే ప్రాణులు, వాటికి వేరే వ్యాసం కావాలి.

కాలుష్యం మీద నువ్వు రాసిన పేరా కూడా అక్కర్లేదు. ఆవేశం ఎక్కువైంది, సరుకు తక్కువైంది. దాని బదులు ఈ రెండు వాక్యాలు పెట్టు. కేబీఆర్‌ను 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 2020లో దాని చుట్టూ ఖరారు చేసిన పర్యావరణ సున్నిత మండలం (పార్కు రక్షణ కోసం చుట్టూ కట్టుబాట్లు పెట్టే పట్టీ) వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, మహా అయితే 29.8 మీటర్లు. 3 మీటర్లంటే ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు కాళ్లు చాపుకుని పడుకోవడానికి కూడా చాలదు. ఈ మాట చెప్పి ఊరుకో. "అయ్యో" అనే పని పాఠకుడిది, వాడి నోట్లోంచి లాక్కోకు.

మళ్లీ వెళ్లు, ఈ నెల దాటకుండా వెళ్లు. ఒక్కచోటికే. గేటు రోజంతా తెరిచి ఉండదు, వేళలు కనుక్కుని బయల్దేరు. చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్లు తియ్యి. పేరు తెలియని చెట్టు ఎదురైతే "ఏదో చెట్టు" అని రాయకుండా ఊడ్చేవాళ్లనో మాలీనో అడుగు, పుస్తకంలో లేని పేరు కూడా వాళ్ల దగ్గర దొరకొచ్చు. తిరగరాసింది నాలుగు పేజీలు మించకూడదు. ఫోటోలు పంపకు, నాకు రాతే కావాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు