గుడ్డు కడిగే ముందు గూడు చూడు

చిరంజీవి అమ్మణ్ణికి, కావలి నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

ఒంగోలులో మీ పెరటి కోళ్లు గుడ్లు పెడుతున్నాయని మీ అమ్మ చెప్పింది. సంతోషం. తీసిన గుడ్డు తీసినట్టే కుళాయి కింద పెట్టి, అంట్ల సబ్బుతో రుద్ది, ఫ్రిజ్ తలుపులో పేరుస్తున్నావని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి, వేలల్లో. గుడ్డు బయటికి వచ్చేటప్పుడే వాటిని కప్పుతూ ఒక పల్చటి తడిపొర ఉంటుంది. అది కాసేపట్లో ఆరిపోతుంది. రెట్టలో, మట్టిలో ఉండే సాల్మొనెల్లా లాంటి క్రిముల్ని చాలావరకు అడ్డుకునేది అదే. నీళ్లు పోసి రుద్దితే పోతుంది. చన్నీళ్లయితే మరీ చెడ్డ. లోపలి సొన చల్లబడి కాస్త ముడుచుకుని, పైనున్న మురికినీటిని రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది.

ఫోన్‌లో చూస్తే ఒకరు కడగమంటారు, ఒకరు వద్దంటారు. అమెరికాలో అంగడికి వచ్చే గుడ్లను కడిగి, 7 డిగ్రీలు దాటకుండా చల్లగా ఉంచుతారు. యూరప్‌లో చాలా దేశాల్లో అసలు కడగరు. ఎవరి పద్ధతి వాళ్లకి కుదిరింది. కడిగి బయట పెట్టడం మాత్రం మంచిది కాదు.

మరి మురికి సంగతేంటంటావా? ఆ పనంతా గూట్లో ఉంది. కోడి రాత్రిపూట ఎత్తయిన చోటు వెతుక్కుని పడుకుంటుంది. గుడ్లు పెట్టే బుట్ట ఎత్తులో ఉంటే అందులోనే ఎక్కి, తెల్లారేసరికి రెట్టతో నింపుతుంది. కాబట్టి పడుకునే కర్ర పైన, బుట్ట కింద ఉండాలి. నాలుగు పెట్టలకో బుట్ట చాలు. అందులో ఎండు వరిగడ్డి మందంగా వేసి, తడి తగలగానే మార్చెయ్యి. మనకి అసలు టెన్షన్ తుపాన్ల నెలల్లోనే. కార్తీకంలో ముసురు పట్టిందంటే ప్రతి గుడ్డు మీదా బురద కాలిముద్రే. గూటి ముందు నాలుగు తట్టల ఇసుక పోయించు, సగం బాధ తీరుతుంది.

పెట్టలు ఎక్కువగా పొద్దున పూటే పెడతాయి. పదీ పదకొండుకి ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసెయ్యి. రోహిణి కార్తెలో ఇంకా తొందరపడాలి. మీ పెరట్లో పుంజుంది కదా, పుంజు కలిసిన గుడ్డు మన ఎండలో అలా ఉండిపోతే పెట్ట పొదగకపోయినా లోపల పిండం కదులుతుంది.

కాస్త రెట్ట అంటితే ఆరనిచ్చి, పొడిగుడ్డతోనో కొబ్బరి పీచుతోనో మెల్లగా రాలగొట్టు. బాగా పట్టేసిందా, అప్పుడు కడుగు. నీళ్లు గుడ్డు కంటే వేడిగా ఉండాలి, చేతికి వేడి తెలియాలి గానీ కాలకూడదు. నానబెట్టొద్దు, సబ్బు వద్దు. నీళ్లు పోస్తూ రుద్ది, వెంటనే తుడిచి, ఆరాక ఫ్రిజ్‌లో పెట్టు. ఆ గుడ్లను వేరుగా ఉంచి వారంలోపు వండెయ్యి. ఆ తర్వాత చేతులకు మాత్రం సబ్బు తప్పనిసరి. పగిలిన గుడ్డు మీద మొహమాటం పడకుండా పారెయ్యి.

ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ వైపు వెచ్చబడుతుంది. గుడ్లు లోపలి అరలో, సన్నటి కొస కిందికి పెట్టి ఉంచు. పెన్సిల్‌తో తేదీ వెయ్యి. కడగని శుభ్రమైన గుడ్లు అలా నెల దాకా నిలుస్తాయి. రాత్రి మిగిలిన చేపల పులుసు పక్కన మూత లేకుండా పెట్టావనుకో, పొద్దున ఆమ్లెట్ కూడా ఆ వాసనే. ఒకసారి చల్లబడిన గుడ్డు బయట పెడితే చెమట పట్టి, ఆ తడితోనే క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. ఎన్ని కావాలో అన్నే తియ్యి.

పిల్లకి బలమని పచ్చిగుడ్డు తాగించమని మీ అత్తగారు అంటారేమో. వద్దని మెత్తగా చెప్పు. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడకాలి.

పొదిగించాలనుకునే గుడ్ల లెక్క వేరు. వాటిని కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. శుభ్రమైనవి ఏరి, చల్లటి గదిలో ఉంచి, వారంలోపు పెట్ట కింద వెయ్యి.

ఆ తెల్లపెట్ట గడ్డివాములో దాచి పెడుతోందటగా. అక్కడ దొరికినవి ఏనాటివో తెలీదు, నీళ్ల గిన్నెలో వేసి చూడు. అడుగున పడుకుంటే కొత్తది, నిలబడితే పాతది, తేలితే పారెయ్యి. మునిగినా సరే, వేరే గిన్నెలో కొట్టి వాసన చూశాకే వాడు. ఆ పెట్టని కొన్నాళ్లు పొద్దున్నే వదలకుండా, గుడ్డు పెట్టేదాకా బుట్ట ఉన్న గూట్లోనే మూసి ఉంచు. బుట్టలో ఒక చెక్క గుడ్డు వేస్తే తొందరగా అలవాటు పడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ