వెతికేది బెల్లం, నువ్వు కాదు

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న స్కూటర్ తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోవడం ఈ జన్మకి మానడు. వాటిని వెతికిపెట్టే పని మీ కుక్క బెల్లానికి నేర్పిస్తానన్నావు, మంచి ఆలోచన. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదని ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

"ఊరకుక్కకి ఇవన్నీ వస్తాయా పెదనాన్నా" అని అడిగావు. ఎందుకు రావు? డాగ్ స్క్వాడ్‌లోకి లాబ్రడార్లనో, జర్మన్ షెపర్డ్‌లనో తీసుకునేది ఒక్క ముక్కు కోసమే కాదు. గంటల తరబడి పని చేసినా తీరని ఆటపిచ్చి, పెద్ద శబ్దానికి బెదరని ధైర్యం కూడా చూస్తారు. ముక్కు మాత్రం ప్రతి కుక్కకీ ఉంది. వాసన పట్టే కణాలు మన ముక్కులో 50, 60 లక్షలుంటే, కుక్కకి జాతిని బట్టి 10 కోట్లు దాటి ఉంటాయి. గాలి వదిలేటప్పుడు కూడా ముక్కు పక్కనున్న చీలికల్లోంచి వదులుతుంది. అందుకే అది పీల్చే వాసన అంతగా చెదరదు. కాబట్టి వాసన చూడడం నువ్వు దానికి నేర్పక్కర్లేదు. మనకు ఏ వాసన కావాలో, దొరికాక మనకి ఎలా చెప్పాలో, ఆ రెండే నేర్పాలి.

ముందు తాళాల జోలికి పోకు, తిండితో మొదలుపెట్టు. ఆన్‌లైన్ సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు ఐదారు దాచిపెట్టు. వాటిని హాల్లో మూతలు తెరిచి పరిచి, ఒకదాంట్లో ఉడికించిన చికెన్ ముక్క వెయ్యి. ఉప్పు, కారం, మసాలా ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి విషం, మీ అమ్మకి కూడా ఈ మాట చెప్పు. తిండి పెట్టిన పెట్టెకి అడుగున పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అందులోనే వెయ్యి. ముక్క తీసేసినా అట్టకి వాసన అంటుకుని ఉంటుంది. రేపు అదే పెట్టెని ఖాళీగా పెట్టి, "ఇందులో ఏం లేదుగా, ఎందుకాగావ్" అంటే అది అయోమయంలో పడుతుంది. తప్పు దానిది కాదు కదా.

బెల్లాన్ని వదిలేటప్పుడు "వెతుకు" అను, ఒక్కసారే. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. నువ్వు "వెతుకు" అని, నీ తమ్ముడు "ఫైండ్ ఫైండ్" అని అరిస్తే పని జరగదు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా విను. అది వెతుకుతున్నంత సేపూ నువ్వు దానికి సాయం చెయ్యకూడదు. వేలు చూపించకు. పెట్టె దగ్గరకి రాగానే "ఆ... ఆ..." అనకు. ఆ వైపు చూడనైనా చూడకు. కుక్కలు మన ముఖం చదవడంలో దిట్టలు. నీ కళ్ళు ఎటు పోతున్నాయో, నీ అడుగు ఎక్కడ ఆగిందో చూసి అక్కడికి వెళ్ళిపోతాయి. నువ్వేమో అబ్బ, ఎంత ముక్కో అని మురిసిపోతావు. 2011లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు ఒక పరీక్ష పెట్టారు. మత్తుమందులు, పేలుడు పదార్థాలు పట్టడంలో శిక్షణ పొందిన 18 కుక్కలు, వాటిని నడిపించే హ్యాండ్లర్లు. కొన్నిచోట్ల ఎర్ర కాగితం అంటించి, అది వాసన ఉన్న చోటుకి గుర్తు అని హ్యాండ్లర్లకి చెప్పారు. నిజానికి ఆ గదుల్లో ఎక్కడా ఏ వాసనా పెట్టలేదు. అయినా ఎక్కువసార్లు "ఇక్కడ ఉంది" అని చెప్పేశారు. హ్యాండ్లర్ మనసులో ఉన్నది పని చేసింది గానీ, ముక్కు కాదు. ఉద్యోగంగా చేసేవాళ్ళ సంగతే అదైతే, చికెన్ ముక్క ఎక్కడుందో తెలిసి నిలబడ్డ నువ్వెంత!

అందుకే ఆట అర్థమైందనిపించగానే దాచే పని మీ అమ్మకి అప్పగించు. నువ్వు, బెల్లం బాల్కనీలో ఉండండి. ఎక్కడ పెట్టిందో నీకు తెలియకూడదు. అప్పుడు వేరే దారి లేక కుక్కని చూడడం నేర్చుకుంటావు. ముక్కు చప్పుడు మారుతుంది, దాటిపోయిన చోటుకి తల చటుక్కున వెనక్కి తిరుగుతుంది, తోక ఊపు మారుతుంది. ప్రతి కుక్కదీ ఒక్కో తీరు. బెల్లం తీరు ఏమిటో నువ్వే కనిపెట్టాలి, యూట్యూబ్‌లో దొరకదు.

తిండి వెతకడం బాగా వచ్చాక తాళాలు. ఇనుముకి తనదంటూ వాసన తక్కువ, మీ నాన్న చేతి వాసనే దానిమీద ఉంటుంది. ఆ వాసన ఇంట్లో సోఫాకీ, రిమోట్‌కీ, అన్నిటికీ ఉంటుంది కదా. అందుకని గుత్తికి ఒక తోలు ముక్క తగిలించు. తోలు వాసనని బాగా పట్టి ఉంచుతుంది, పైగా చెప్పులు, బెల్టులు తప్ప ఆ వాసన ఇంట్లో పెద్దగా ఉండదు. మొదట్లో గుత్తినీ చికెన్ ముక్కనీ ఒకే పెట్టెలో పెట్టు. కొన్నాళ్ళకి చికెన్ తీసేసి గుత్తి ఒక్కటే ఉంచు. అది గుత్తి దగ్గర ఆగగానే నీ చేతిలోంచి ముక్క రావాలి, అదీ గుత్తి పక్కనే, వెంటనే. వంటింట్లోకెళ్ళి డబ్బా తెరిచి తెచ్చేసరికి, దేనికి పెట్టావో అది మర్చిపోతుంది.

అమెరికాలో 2006 ప్రాంతంలో పెంపుడు కుక్కల కోసం దీన్నే ఒక ఆటగా మొదలుపెట్టారు. అక్కడ బర్చ్ చెట్టు నూనె, సోంపు, లవంగం వాసనలు వాడతారు. లవంగం మనింట్లోనే ఉందిగా అని నువ్వు అనుకునేలోపే చెబుతున్నాను, వద్దు. మీ అమ్మ బిర్యానీ చేసిన రోజు ఇల్లంతా లవంగమే, అది ఎక్కడని వెతకాలి? లవంగం నూనె దాని నాలుకకో, చర్మానికో తగలడం కూడా మంచిది కాదు.

ఇక దొరికిందని ఎలా చెప్పాలి? బాంబులు వెతికే జాగిలం చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది. గోకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. శిథిలాల కింద మనుషుల్ని వెతికేది మొరుగుతుంది, ఎందుకంటే హ్యాండ్లర్‌కి అది కనిపించని చోట ఉండొచ్చు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి మన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్ళు తీసుకెళ్ళిన జూలీ, గాజియాంటెప్‌లో అలాగే మొరిగింది. వెంటనే తవ్వలేదు. రోమియో అనే ఇంకో కుక్కని పంపి చూశారు, అదీ అదే చోట చూపించింది. శిథిలాల్లోంచి ఆరేళ్ళ పాప ప్రాణాలతో బయటికొచ్చింది. మీ ఫ్లాట్‌లో మొరగడం నేర్పితే పక్కింటి వాళ్ళు అసోసియేషన్‌లో కంప్లయింట్ ఇస్తారు. కూర్చోవడం నేర్పు. నోట కరిచి తేవడం మాత్రం వద్దు. రేపు కళ్ళజోడు కూడా నేర్పుతావు, అప్పుడు ఏడుస్తావు.

గాలి సంగతి చెప్పాలి, కొత్తవాళ్ళు ఇక్కడే కుక్కని తప్పు పడతారు. వాసన వస్తువు దగ్గరే కూర్చోదు, అగరుబత్తి పొగలా గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే షెల్ఫ్‌లో పెట్టిన గుత్తి వాసన ఎదురు మూలకి చేరొచ్చు. బెల్లం ఆ మూలలో తచ్చాడితే "తప్పు" అనకు. అది వాసన అంచు పట్టుకుంది, ఇటూ అటూ తిరిగి వాసన పుట్టిన చోటికి వస్తుంది, రానివ్వు. మొదట్లో ఫ్యాను, ఏసీ ఆపి, వస్తువుని నేలమీదే దాచు. దాచిన వెంటనే వదలకు, పది నిమిషాలు ఆగితే వాసన కాస్త పరుచుకుంటుంది. తర్వాత ఎత్తులో పెట్టు, ఆపైన ఫ్యాన్ వెయ్యి.

ఎండాకాలం పొద్దున్నే చెయ్యి. నోరు తెరిచి రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన చూడలేదు, రెండూ ఒకేసారి కుదరవు. నీళ్ళు తాగించి, రొప్పు తగ్గాకే మళ్ళీ మొదలుపెట్టు. ఐదు నిమిషాలు చాలు. ముక్కుతో పని చేస్తే కుక్క ఎంత అలిసిపోతుందో చూస్తే గానీ నమ్మవు. ఇంకా ఆడదాం అని అది అడుగుతుండగానే ఆపెయ్యి. దీపావళి రోజుల్లో అసలు చెయ్యకు, టపాకాయల చప్పుడుకే దానికి సగం ప్రాణం పోతుంది.

ఇల్లు అయ్యాక పార్కుకి తీసుకెళ్తానంటావు. తీసుకెళ్ళు, బెల్టు మాత్రం వదలకు. నేలమీద దొరికింది తినకూడదని ముందు ఇంట్లో నేర్పి వెళ్ళు. ఎలుకల మందు ఎక్కడ ఎవరు పెట్టారో మనకి తెలియదు.

మర్చిపోయాను, నువ్వు అడగనిది ఒకటుంది. మీ నాన్న తాళాలు నిజంగా పోగొట్టిన రోజు, అవి ఆఫీసు డ్రాయర్లో ఉన్నాయనుకో. బెల్లం ఇల్లంతా తిరిగి ఏమీ దొరక్క, నీ ముఖం చూస్తూ నిలబడుతుంది. అలా నాలుగుసార్లు జరిగితే దానికి ఆటమీద ఆశ పోతుంది. శిథిలాల్లో పని చేసే కుక్కలకి ఎవరూ దొరకనప్పుడు, హ్యాండ్లర్లు మనిషిని దాచిపెట్టి మరీ దొరకనిస్తారు. నువ్వూ అలాగే చెయ్యి. తోలు ముక్కలు రెండు కొయ్యి. ఒకటి గుత్తికి తగిలించు, రెండోది మూత ఉన్న గాజు సీసాలో పెట్టి బెల్లానికి అందకుండా దాచు. తాళాలు దొరకలేదని నీకు అర్థమైతే, దాన్ని ఒక్క నిమిషం బాల్కనీలో ఉంచి, ఆ ముక్కని సోఫా కింద పెట్టి మళ్ళీ "వెతుకు" అను. దొరకగానే చికెన్ ముక్క పెట్టి, మెచ్చుకుని ఆపెయ్యి. తర్వాత మీ నాన్నని ఆఫీసుకి ఫోన్ చేసి అడగమను.

మీ పెదనాన్న