కొరియన్ డ్రామాలు ఒకసారి మొదలుపెడితే ఎందుకు వదల్లేం?

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా అందరూ హీరోల అందం గురించే చెబుతారు. హ్యూన్ బిన్ అందగాడే, కాదనను. అతను హీరోగా చేసిన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' చూసిన వారంలో మా అమ్మాయి ఏ లోకంలో ఉందో మాకెవరికీ అర్థం కాలేదు. కానీ అందం కోసం వచ్చినవాళ్లు రెండు డ్రామాలు చూసి మానేస్తారు. నాలాంటివాళ్లు వదల్లేకపోవడానికి కారణం ఒక్కటే. వాటిలో ఇల్లు కనిపిస్తుంది. అప్పు, అద్దె, పిల్లల మార్కులు, రాత్రికి ఏం వండాలన్న బాధ, అన్నీ ఉంటాయి.

మాది తెనాలి. సాయంత్రమైతే టీవీ మా అత్తయ్యదే. ఆవిడ చూసే సీరియల్లో హీరోయిన్‌కి రెండోసారి జ్ఞాపకశక్తి పోయిన రోజున విసుగొచ్చి రిమోట్ నా చేతికిచ్చి, "నువ్వేం చూస్తావో పెట్టమ్మాయ్" అన్నారు. సీరియల్ రాసేవాళ్లనూ అనలేం లెండి. వారానికి ఐదారు రోజులు, ఏళ్ల తరబడి నడపాలంటే ఎవరికో ఒకరికి జ్ఞాపకశక్తి పోక తప్పదు. కొరియాలో ఎక్కువగా వారానికి రెండు ఎపిసోడ్లు, మొత్తం 16. రెండు నెలల్లో కథ అయిపోతుంది, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు.

నేను 'రిప్లై 1988' పెట్టాను. 2015లో మొదలై 2016 జనవరిలో ముగిసిన డ్రామా. ఇది మాత్రం 20 ఎపిసోడ్లు, ఒక్కోటీ సుమారు గంటన్నర ఉంటుంది. ఒలింపిక్స్ జరిగిన ఏడాది సియోల్‌లో ఒక పాత సందు, అందులో ఐదు కుటుంబాలు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి మునిగిపోయి, కొడుక్కి లాటరీ తగిలి పైకొచ్చినవాళ్ల ఇంట్లోనే, కింది వాటాలో కాపురం ఉంటాడు. అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. సబ్‌టైటిల్స్ చూసి నేను తెలుగులో చెబుతూ ఉంటే, "అమ్మ హరికథ మొదలెట్టింది" అని పిల్లలు లోపలికి వెళ్లిపోయారు.

మొదటి ఎపిసోడ్‌లో సాయంత్రం ఒక ఇంటి కూర ఇంకో ఇంటికి వెళ్తుంది. ఆ ఇంటివాళ్లు గిన్నె ఖాళీగా పంపలేక తమది ఏదో పెట్టి పంపుతారు. పిల్లలు గిన్నెలు పట్టుకుని సందంతా ఎదురుబొదురు తిరుగుతూనే ఉంటారు. అత్తయ్య నిటారుగా కూర్చున్నారు. "వీళ్లెవరో మనవాళ్లలాగే ఉన్నారే!"

ఆ సందులో సన్ యంగ్ అని భర్త పోయిన ఆవిడ ఉంటుంది, ఇద్దరు పిల్లలు. ఒకరోజు సన్ యంగ్ వాళ్లమ్మ చూడ్డానికి వస్తోందని తెలుస్తుంది. ఇంట్లో బియ్యం లేవు, చలికి కాల్చే బొగ్గు దిమ్మలు లేవు. పక్కిళ్ల ఆడవాళ్ల దగ్గర అవన్నీ తెచ్చి నింపుతుంది. తల్లి వస్తుంది, ఉంటుంది, వెళ్లిపోతుంది. వెళ్లాక చూస్తే ఒక చీటీ, కొంత డబ్బు. పిల్లల చిరిగిన మేజోళ్లు ఆవిడ కంట పడనే పడ్డాయి. సన్ యంగ్ తల్లికి ఫోన్ చేస్తుంది. ఏం మాట్లాడబోయినా ఏడుపే వస్తుంది.

అక్కడ నా గొంతు ఆగిపోయింది. "అత్తయ్యా, వాళ్లమ్మేం అంటోందంటే..." అని మొదలుపెట్టబోతే, "ఊరుకోవే. ఇది నువ్వు చెప్పాలా?" అన్నారు. కాసేపటికి ఆవిడే చెప్పారు. మా పెద్దాడపడుచు కడుపులో ఉన్నప్పుడు అత్తయ్య వాళ్ల నాన్న వస్తున్నారని కబురొస్తే, పక్కింట్లోంచి మంచి దుప్పటి, స్టీలు గ్లాసులు తెచ్చి పెట్టారట. ఆయన గ్లాసు తిప్పి చూశారట. అడుగున పక్కింటావిడ పేరు చెక్కి ఉంది. ఏమీ అనకుండా మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారట. ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. అంతలో మా ఆయన వచ్చి "ఏమైంది, ఎవరు పోయారు?" అన్నారు. డ్రామా చూస్తుంటే మగవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే.

తర్వాత సన్ యంగ్‌కీ, అదే సందులో భార్య పోయిన గడియారాల షాపాయనకీ మధ్య అభిమానం పెరుగుతుంది. ఆయన ఆమె అన్నకు స్నేహితుడే, ఒకే ఊరివాళ్లు. అత్తయ్య పాతకాలం మనిషి, ఏమంటారోనని నేను ఆ ముక్కలు కాస్త తగ్గించి చెబుతుంటే, "ఆ మొద్దావతారం నోరు తెరిచి అడగడేం?" అని ఆయన మీదే కోప్పడ్డారు.

మా మరిదిలాంటివాళ్లకు మాత్రం ఇదంతా ఎగతాళి. కొరియా పాటల బృందం బీటీఎస్ కుర్రాళ్లు పెదాలకు రంగు పూసుకుంటారని నవ్వుతాడు. మన హీరోలు ముఖాలకు రంగు లేకుండానే కెమెరా ముందుకొస్తున్నారా? పైగా ఆ ఏడుగురూ తమ దేశంలో మగవాళ్లకు తప్పనిసరైన సైనిక బాధ్యత ముగించి 2025 జూన్‌కల్లా తిరిగొచ్చారు. అన్నట్టు ఇతగాడే 2019లో 'ఓ బేబీ' చూసి పగలబడి నవ్వాడు. అది 2014లో వచ్చిన కొరియన్ సినిమా 'మిస్ గ్రానీ'కి రీమేక్ అని చెబితే నమ్మడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఇంట్లో పెద్దవాళ్లుంటే 'రిప్లై 1988'. తర్వాత 2025లో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్'. జెజు దీవి కథ, అక్కడ సముద్రంలో మునిగి నత్తలు ఏరి బతికే ఆడవాళ్లు ఉంటారు. 'జ్యువెల్ ఇన్ ద ప్యాలెస్' చాలా బాగుంటుంది గానీ 54 ఎపిసోడ్లు, మొదటే దాని జోలికి వెళ్లొద్దు. నేను విన్న తెలుగు డబ్బింగుల్లో తాతకూ మనవడికీ ఒకే గొంతు ఉంటోంది, కాబట్టి సబ్‌టైటిల్సే పెట్టుకోండి. ఇంగ్లీషు రానివాళ్లకు మీరే చదివి చెప్పాలి. పక్కన మంచినీళ్లు పెట్టుకోండి, గంటన్నర మాట్లాడాలి.