సూక్తి కింద సగం పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. నోట్‌బుక్కును ఎంత ప్రేమగా నింపుకుంటున్నావో చదువుతుంటేనే తెలిసింది. సూక్తులు రాసుకునే అలవాటు మానుకోకు. మనసు బాగా నలిగిన రోజున సొంతంగా ఒక్క ఆలోచనా రాదు. అప్పుడు ఎవరో ఎప్పుడో అన్న నాలుగు మాటలే ఆసరా అవుతాయి. నాకు ఎన్నోసార్లు అయ్యాయి.

అయితే నీ వ్యాసంలో ఒకచోట ఆగిపోయాను. నాన్నగారికి చూపు పోయాక కూడా అమ్మ రోజూ పొద్దున్నే ఆయన కళ్ళజోడు చీర చెంగుతో తుడిచి చేతికిస్తారని, ఆయన పెట్టుకుని "ఇప్పుడు బాగుంది" అంటారని రాశావు. వెంటనే ప్రేమ మీద ఒకటి, విశ్వాసం మీద ఒకటి సూక్తులు తెచ్చి దానిమీద పేర్చావు. ఎందుకమ్మా? చెప్పాల్సిందంతా ఆ కళ్ళజోడే చెప్పేసింది. ఆ రెండూ తీసేయ్. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో రాయి, నాకది కావాలి.

నచ్చిన మాట కనబడితే దాని ముందూ వెనకా చదువు. "తినగ తినగ వేము తియ్యనుండు" అని అందరం అంటాం. కష్టానికి అలవాటు పడమని చెప్పడానికి వాడేస్తాం. వేమన దానికి ముందు "అనగననగ రాగమతిశయిల్లుచునుండు" అన్నాడు, తర్వాత "సాధనమున పనులు సమకూరు ధరలోన" అన్నాడు. పాడగా పాడగా రాగం పండుతుందన్న మాటతో మొదలుపెట్టి చదివితే పద్యం రంగే మారిపోతుంది. రోజూ చేసే పని మీద నమ్మకం పెట్టుకోమంటున్నాడాయన. మధ్య పాదం ఒక్కటీ విరిచి తెచ్చుకుంటే ఓర్పు మిగిలింది, సాధన జారిపోయింది.

ఎవరన్నారో కూడా చూసుకో. "నీ మాటను ఒప్పుకోను గానీ, అది అనే నీ హక్కు కోసం ప్రాణమిచ్చైనా నిలబడతాను" అన్న వాక్యం ఫ్రెంచి రచయిత వోల్టేర్ పేరు మీద తిరుగుతోంది. ఆయన 1778లో పోయాడు. ఆ వాక్యం 1906లో ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అనే ఇంగ్లీషు రచయిత్రి ఆయన ధోరణిని వివరిస్తూ రాసింది. పేరు మారితే మాట విలువ తగ్గదు. కానీ నమ్మకం గురించి రాసేవాళ్ళం, ముందు మనల్ని పాఠకుడు నమ్మాలి.

నా పద్ధతి ఒకటి చెబుతాను. సూక్తి రాసుకున్నాక కింద సగం పేజీ ఖాళీ వదులుతాను. ఆ మాట నిజమని తోచిన రోజున తేదీ వేసి, జరిగింది జరిగినట్టు అక్కడ రాస్తాను. ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉన్న పేజీలున్నాయి. ఆ మాటలు నాకిష్టమే, అయినా వాటిని నా రచనలోకి రానివ్వను. మాట అబద్ధమని తోచిన రోజులనూ రాస్తాను. చావు జరిగిన ఇంట్లో "అంతా మన మంచికే" అన్న మాట ఎంత క్రూరంగా వినిపిస్తుందో అక్కడ కూర్చున్నవాళ్ళకే తెలుసు. అలాంటి ఇంట్లో ఒకసారి, ఎవరూ అడక్కుండానే పొరుగింటావిడ వచ్చి గిన్నెలన్నీ కడిగి, బోర్లించి, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఓదార్పుగా ఒక్క మాట అనలేదు. జీవితానికి అర్థం ఏమిటని నన్ను అడిగావు కదా, నేను చూసినంతలో అది ఇలాంటి చోట్లే దొరికింది. దేవుణ్ణి నమ్మేవాళ్ళ దగ్గరా దొరికింది, నమ్మనివాళ్ళ దగ్గరా దొరికింది.

వ్యాసం తిరగరాసేటప్పుడు నోట్‌బుక్ మూసిపెట్టు. రాస్తుండగా ఏదైనా ఒక మాట తనంతట తానే వచ్చి కూర్చుంటే ఉండనీ. పూర్తయ్యాక పంపు, తీరిగ్గా చదివి రాస్తాను.