రొయ్యల ప్లాంటులో మూడు నెలల జీతం బాకీ: పదిహేను వేలకి "మొత్తం ముట్టింది" అని సంతకం పెట్టమంటే?

మీరు అడిగింది ఇదీ. మీ అక్క భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో కాంట్రాక్టరు కింద గ్రేడింగ్ పని చేసింది, రోజుకి 480. మూడు నెలల జీతం రాలేదు. ఇప్పుడు 15,000 ఇచ్చి "మొత్తం ముట్టింది" అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. కంపెనీ డబ్బివ్వలేదని కాంట్రాక్టరు అంటాడు, కాంట్రాక్టరునే అడగండని కంపెనీ అంటుంది.

ఆ కాగితం మీద సంతకం పెట్టించకండి. డబ్బు మాత్రం వద్దనక్కర్లేదు. తీసుకుని, "ఫలానా నెలల జీతంలో కొంత భాగంగా రూ. 15,000 ముట్టాయి, మిగతాది రావాలి" అని ఆమె చేతే రాయించి, 5,000 దాటింది కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించండి. ఇచ్చే ముందు ఫోటో తీసుకోండి. అలా రాస్తే డబ్బు ఇచ్చేది లేదంటే ఆ రోజుకి వచ్చేయండి. ఇంత కష్టపడిన మనిషి చేత "ఇంకేమీ రావాల్సింది లేదు" అనిపించడం అన్యాయం. పైగా చట్టం ప్రకారం రావాల్సిన జీతాన్ని వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. కానీ చెల్లదని నిరూపించుకోవడానికి నెలలు తిరగాలి, అందుకే అసలు రాయకపోవడమే మేలు.

బేరానికి కూర్చునే ముందు లెక్క కాగితం మీద ఉండాలి. మీరు చెప్పిన రోజులు 26, 25, 18. మొత్తం 69 రోజులు, 480 చొప్పున 33,120. పట్టుబడుల జోరులో ఇరవై రోజులు రెండేసి గంటలు ఎక్కువ చేసింది అన్నారు, అంటే 40 గంటలు. ఎనిమిది గంటలకి 480 అయితే గంటకి 60. ఓవర్‌టైముకి రెట్టింపు ఇవ్వాలి కాబట్టి 120 చొప్పున 4,800. రెండూ కలిపి 37,920. పండక్కి తీసుకున్న అడ్వాన్సు 5,000 తీసేస్తే 32,920. అడ్వాన్సు ముందుగా మీరే తీసి చూపించండి. వాళ్లు బయటపెడితే మిగతా లెక్కనీ అనుమానిస్తారు. గ్లౌజులు, బూట్లు, ఏప్రాన్ల ఖర్చని కోత వేస్తే ఒప్పుకోవద్దు, అవి యజమాని ఇవ్వాల్సినవి. 480 అనేది ఆ పనికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కన్నా తక్కువేమో లేబరాఫీసులో అడగండి. తక్కువైతే ఆ తేడా కూడా బాకీయే.

ఇప్పుడు అసలు సంగతి. పని చేసిన రోజుల కూలి మీద బేరం ఆడకండి. గడువు మీద, ఓవర్‌టైము మీద, ఆలస్యానికి అడగగలిగే పరిహారం మీద ఆడండి. అడ్వాన్సు పోగా 28,120 రోజుల కూలి, అది నేల. దాని కిందికి దిగొద్దు. పైన ఉన్న 4,800కి సాధారణంగా ఆధారాలు పల్చగా ఉంటాయి, అందుకే అక్కడ కాస్త సర్దుకోవచ్చు. 30,500కి ఒప్పుకుని, 15,000 ఈ రోజు, 7,750 చొప్పున రెండు నెలల్లో మిగతాది అంటే అది మంచి సెటిల్‌మెంటే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచింది, ఎగుమతులు దెబ్బతిన్నాయి అంటారు. నిజమే అనుకోండి, అది వాయిదాకి కారణం అవుతుంది గానీ చేసిన పనికి కూలి తగ్గించడానికి కాదు.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. వ్యాను టైము చెప్పే వాట్సాప్ గ్రూపు మెసేజీలు తేదీలతో సహా భద్రం చేయండి. గ్రూపులోంచి తీసేసేలోపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, స్క్రీన్‌షాట్లు కూడా ఉంచండి, ఆ ఫోను మార్చొద్దు. ముందు నెలల జీతం బ్యాంకులో పడి ఉంటే పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి. అన్నిటికన్నా గట్టిది పీఎఫ్ పాస్‌బుక్. ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో, ఆమె పీఎఫ్ ఖాతాకి ఇచ్చిన యూఏఎన్ నంబరుతో చూడండి. బాకీ నెలలకి కూడా పీఎఫ్ జమ కనిపిస్తే, ఆమె ఆ నెలల్లో పని చేసిందని, ఇంత జీతమని వాళ్లే ప్రభుత్వానికి చెప్పుకున్నట్టు. జీతంలో కోసి జమ చేయకపోతే అది విడిగా పీఎఫ్ ఆఫీసుకి ఇచ్చే ఫిర్యాదు, ఈ బేరంలో కలపకండి.

తర్వాత ఒక ఉత్తరం, ఒకే పేజీ, కాంట్రాక్టరుకీ కంపెనీకీ ఇద్దరికీ. కాంట్రాక్టరు ఇవ్వకపోతే కాంట్రాక్టు కూలీల జీతం కంపెనీయే ఇచ్చి తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. "నీదంటే నీది" అన్న ఆట ఇక్కడ ఆగుతుంది. రోజులు, రేటు, అడ్వాన్సు, రావాల్సిన మొత్తం, పదిహేను రోజుల గడువు రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. తిట్లు, బెదిరింపులు వద్దు, రేపు అధికారి ముందు అదే చదువుతారు. మాటలకి వెళ్లేటప్పుడు ఇద్దరుగా వెళ్లండి. ఇలాగే బాకీ ఉన్న మిగతా ఆడవాళ్లతో కలిసి వెళ్తే ఇంకా మంచిది. ప్లాంటుకి మనుషులు కావాల్సిన సీజన్లో వెళ్తే మాట వింటారు.

పెద్దమనుషుల ముందు తేలినా పర్వాలేదు, కానీ నోటిమాటతో లేవకండి. ఒప్పందంలో ఏయే నెలల జీతమో, ఏ తేదీకి ఎంతో, బ్యాంకు ఖాతాకే వేయాలనీ, ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వెంటనే ఇవ్వాలనీ ఉండాలి. బోనసు, పీఎఫ్, గ్రాట్యుటీ దీనిలోకి రావని ఒక వాక్యం రాయించండి. వాయిదాలకి చెక్కులు ఇస్తే మంచిదే. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు వేయండి. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే ఆ తర్వాతి నెలలోపు కేసు వేయాలి. ఈ తేదీలు తప్పితే చెక్కు కేసు చేజారిపోతుంది.

ఒప్పందాన్ని స్టాంపు పేపరు మీద రాసి ఇంట్లో పెట్టుకునే కన్నా, భీమవరం కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి తీసుకెళ్లి, కేసు వేయకముందు దశలోనే లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాసిచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, వాయిదా ఎగ్గొడితే నేరుగా అమలు పిటిషను వేయొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయరు ఉచితం. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మాటలు తెగకపోతే లేబరాఫీసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, ప్లాంటు ఏ జిల్లాలో ఉంటే అక్కడే ఇవ్వాలి. వశిష్ఠ గోదావరి పాయ దాటితే కోనసీమ, ఇటు భీమవరం, ఆకివీడు, నరసాపురం అయితే పశ్చిమ గోదావరి. మీ ఇంటి జిల్లాతో సంబంధం లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం క్లెయిముకి మూడేళ్ల గడువు ఉంది, బాకీతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయితే పాత చట్టాల్లో ఆరు నెలలు, ఏడాది గడువులు ఉండేవి. బాకీలో కొన్ని నెలలు ఆ తేదీకి ముందువైతే వాదనకి తావివ్వకుండా ఆరు నెలల్లోపే దరఖాస్తు ఇచ్చేయండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ ఒత్తిడికి పనికొస్తుంది గానీ క్లెయిముకి బదులు కాదు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నాకే బయటికి రండి.